నల్లా నీరు, వార్డు వోటు

నాగార్జునసాగరపు వెనుక జలములను పుట్టంగండి వద్ద ఎత్తి, అక్కంపల్లి జలాశయమున నింపి, కోదండాపురమున శుద్ధిచేసి, నూరు కిలోమీటర్లకు మించిన దూరము గొట్టములలో నడిపించి తెచ్చిన కృష్ణానీరు హైదరాబాదు నగరమున అడుగిడునది తూర్పు వాకిటనే, వనస్థలిపురమునకు చేరువనున్న సాహెబ్‌నగర్ రిజర్వాయరుల వద్దనే. మొదటి దశ 2004లోను, రెండవది 2008లోను, మూడవది 2015లోను పూర్తియై, దశ యొక్కింటికి దినమునకు 90 మిలియను గ్యాలనుల చొప్పున వచ్చు ఆ నీరు మన ముంగిటినుండియే తక్కిన నగరమునకు సాగిపోవుచున్నది. అయినను ఎల్బీనగర్, కొత్తపేట, చైతన్యపురి, దిల్‌సుఖ్‌నగర్ కాలనీలలో గృహిణి నల్లా విప్పి నిలుచున్నపుడు, నీరు నేడు వచ్చునా రేపు వచ్చునా, వచ్చినచో ఎంతసేపు వచ్చును అను ప్రశ్నకు బదులు చెప్పగలవాడు, వీధిమొగను గుంత మూత తొలగించి, పొడవైన ఇనుప కడ్డీతో వాల్వును త్రిప్పి మరొక వీధికి వెడలిపోవు లైన్‌మన్ ఒక్కడే. అతనికి పైన సెక్షను మేనేజరు, ఆయనకు పైన డివిజను జనరల్ మేనేజరు, అందరికిని పైన మేనేజింగు డైరెక్టరు కలరు. వీరిలో ఏ ఒక్కరును మన వోటుతో వచ్చినవారు కారు.

ఈ విషయము తెలియక పోవుటచేతనే మున్సిపల్ ఎన్నికలనాడు మనము అడుగవలసినదానిని అడుగక, అడుగరానిదానిని అడిగి, ఎన్నికైనవాడు దానిని చేయలేకపోయినపుడు నిరాశపడి, మరుసటి ఎన్నికకు ఇల్లు కదలకుండుట జరుగుచున్నది. కనుక మన ఇంటికి నీరు తెచ్చు గొట్టము ఎవరిది, దీపము వెలిగించు తీగ ఎవరిది, వాననీటిని మోసికొనిపోవు కాలువ ఎవరిది, ఈ మూడింటిలో మన వోటు చేరునది ఎంతవరకు అను సంగతి తేటగా తెలిసికొనుట ప్రతి వోటరునకును అవసరము.

మొదట నీటి సంగతి. 1989లో చేసిన ప్రత్యేక చట్టము ననుసరించి ఆ సంవత్సరము నవంబరు 1వ తేదీన హైదరాబాదు మెట్రోపాలిటన్ నీటి సరఫరా, మురుగునీటి పారుదల బోర్డు ఏర్పడినది. ప్రజలు జలమండలి యనియు, వాటర్ బోర్డనియు పిలుచు ఈ సంస్థకు రాష్ట్ర ముఖ్యమంత్రియే అధ్యక్షులు, నడుపువారు అధికారులు. దీని పాలకవర్గమునకు వార్డులవారి ఎన్నిక యనునది లేదు. తరువాత నాలుగేండ్లకు, 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణము పన్నెండవ షెడ్యూలును చేర్చి, నగరపాలక సంస్థలకు అప్పగింపదగిన 18 విషయములను పేర్కొనుచు, గృహావసరములకు, పరిశ్రమలకు, వాణిజ్యమునకు నీటి సరఫరాను అందు ఐదవదిగా లెక్కించినది. కాని ఆ అధికారములను అప్పగింపవచ్చునని మాత్రమే రాజ్యాంగము చెప్పినదిగాని అప్పగించియే తీరవలయునని శాసింపలేదు. అందుచే హైదరాబాదున నీరు బోర్డు చేతిలోనే నిలిచిపోయినది. పైగా మన తూర్పు ప్రాంతమున మురుగునీటి పైపులు చాలకాలము నగరపాలక సంస్థయగు కార్పొరేషను క్రిందనే యుండి, 2021లో అవియును బోర్డునకు బదిలీయైనవి. నేడు వీధిలో మ్యాన్‌హోలు పొంగినచో ఫిర్యాదు చేయవలసినది 155313 నెంబరునకు, అనగా బోర్డునకు. వాననీరు నాలాలో నిలిచినచో చెప్పవలసినది కార్పొరేషనునకు. రెండును ఒకే వాన కురిసిన సాయంకాలము ఒకే సందులో సంభవించు ఉపద్రవములే. ఇంటివారికి రెండును మోకాటి లోతు నీళ్లే.

విద్యుత్తు సంగతి మరింత దూరము. పూర్వపు విద్యుత్ బోర్డు 1998 నాటి సంస్కరణల చట్టముచే విభజింపబడి, 1999లో ఉత్పత్తి, ప్రసార సంస్థలుగాను, 2000లో పంపిణీ సంస్థలుగాను చీలినది. మన ప్రాంతమునకు కరెంటు నిచ్చునది దక్షిణ తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ. ఇది కంపెనీ; ప్రభుత్వమే యజమాని. ధరలను నిర్ణయించునది విద్యుత్ నియంత్రణ మండలి. పన్నెండవ షెడ్యూలులో విద్యుత్ సరఫరా అసలు లేనే లేదు. వీధి దీపములు మాత్రము కలవు. కావున రాత్రివేళ చీకటిగానున్న ఒక స్తంభమును తలయెత్తి చూచినపుడు గ్రహింపవలసినది ఇది: స్తంభము, తీగలు పంపిణీ సంస్థవి, దానికి వ్రేలాడు దీపము కార్పొరేషనుది. తీగ తెగిపడినచో 1912కు ఫోను చేయవలయును. దీపము వెలుగనిచో కార్పొరేటరును నిలదీయుటకు మనకు సంపూర్ణమైన హక్కు కలదు, ఏలయన ఆ దీపము నేరుగా మన వోటు క్రిందికి వచ్చునట్టిది.

ఇట్లు లెక్కవేసి చూచినచో వీధి దీపము, చెత్త సేకరణ, వాననీటి నాలా, కాలనీ రోడ్డు, పార్కు, శ్మశానము, దోమల నివారణ, ఇంటి పన్ను అనునవి వార్డు వోటు పరిధిలోనివి; నీరు, మురుగు, కరెంటు దానికి వెలుపలివి. అయితే ఈ వెలుపలివాని విషయమున కార్పొరేటరు బొత్తిగా అశక్తుడనుకొనుటయు సరికాదు. కొత్త పైపులైనునకై బోర్డు రోడ్డు త్రవ్వవలసివచ్చినపుడు అనుమతి నిచ్చునదియు, త్రవ్విన గుంతను పూడ్చునట్లు చూడవలసినదియు కార్పొరేషనే. 2023 జూన్ 16న ప్రారంభమైన వార్డు కార్యాలయములలో కార్పొరేషను సిబ్బందితోపాటు జలమండలివారిని, విద్యుత్ సంస్థవారిని కూడ కూర్చుండబెట్టవలయునను ఉద్దేశము ప్రకటింపబడినది. మూడు సంస్థల మనుష్యులు ఒకే కప్పు క్రింద దొరకుట గొప్ప సదుపాయము. అట్టి కార్యాలయమున కుర్చీలు ఖాళీగా నున్నవో నిండియున్నవో వారమున కొకసారియైనను పోయి చూడగల ప్రతినిధియే మనకు కావలసినవాడు.

వార్డు ఎన్నికకును నీటికాలువకును గల సంబంధము మన ప్రాంతమువారికి 2020 సంవత్సరము నేర్పినంత స్పష్టముగా మరే సంవత్సరమును నేర్పలేదు. ఆ యేడు అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి సరూర్‌నగర్ చెరువు పొంగి, దిగువనున్న కోదండరాంనగర్, సీసలబస్తీ మొదలగు కాలనీలు జలమయములైనవి. నేల అంతస్తుల ఇండ్లలో పరుపులు, బియ్యపు సంచులు, పిల్లల పుస్తకములు, పట్టా కాగితములు బురదలో నానిపోయినవి; అపార్టుమెంట్ల సెల్లార్లలో కార్లు మునిగినవి. ప్రభుత్వము కుటుంబమునకు 10,000 రూపాయల చొప్పున సాయము ప్రకటించి పంచుచుండగా నవంబరు నడుమ ఎన్నికల ప్రకటన వెలువడి, ఎన్నికల నియమావళి కారణముగా ఆ పంపిణీ ఆగినది. డిసెంబరు 1న పోలింగు, 4న లెక్కింపు. ఎల్బీనగర్ శాసనసభ నియోజకవర్గపు వార్డులలో నాటి అధికారపక్షము ఒక్కటియు గెలువలేకపోయినది. వరద ఒక్కటియే కారణమని చెప్పజాలముగాని, చెరువు అలుగునకును మూసీనదికిని నడుమనున్న నాలా ఎంత వెడల్పుండవలయునను ప్రశ్న ఎన్నికల సభలలో చర్చింపదగిన ప్రశ్నయే యని జనులకు అప్పుడు తెలిసివచ్చినది. తరువాతి సంవత్సరములలో నాలాల అభివృద్ధికై ప్రత్యేక కార్యక్రమమొకటి మొదలై సరూర్‌నగర్ చెరువు దిగువను బాక్సు డ్రెయిను పనులు సాగినవి.

ఆ ఎన్నికలలోనే ఇంకొక విశేషము జరిగినది. ఇంటింటికి నెలకు 20,000 లీటర్ల వరకు నీరు ఉచితముగా ఇత్తుమని అధికారపక్షము తన ప్రణాళికలో వాగ్దానము చేసెను. 2021 జనవరి 12న ఆ పథకము అమలునకు వచ్చెను. వాగ్దానము చేసినది కార్పొరేటరు పదవికి నిలిచిన అభ్యర్థుల తరఫున; నెరవేర్పవలసినది కార్పొరేషను కాక జలమండలి; ఆ మండలికి అధ్యక్షులు ముఖ్యమంత్రి. అనగా మన వార్డు వోటు నల్లా బిల్లును చేరినది గాని, వార్డు కార్యాలయము మీదుగా కాక రాష్ట్ర సచివాలయము మీదుగా చేరినది. ఆధారు అనుసంధానము ఉన్నవారికే ఆ ఉచితము లభించుటచే, ఒకే కనెక్షనుమీద నడచు దిల్‌సుఖ్‌నగర్ అపార్టుమెంట్లలో ఫ్లాటు ఫ్లాటునకును క్యాన్ అను వినియోగదారు ఖాతా నెంబరుతో ఆధారు కలుపుట యొక పెద్ద పనియై, సంఘముల కార్యదర్శులు చాలకాలము కాగితములు పట్టుకొని తిరిగిరి.

ఇంతటి ప్రభావముగల వోటును వాడుకొనుచున్న వారెందరు? నాడు 150 వార్డులు గల విశాల హైదరాబాదు నగరపాలక సంస్థకు 2009లో జరిగిన మొదటి ఎన్నికలో నూటికి 42 మంది, 2016లో 45 మంది, 2020లో 46 మంది మాత్రమే పోలింగు కేంద్రములకు వచ్చిరి. అనగా ప్రతి ఎన్నికయందును సగముకంటె ఎక్కువమంది రాలేదు. చదువుకొన్నవారి నిర్లక్ష్యమని దీనిని తేలికగా నిందించుట పరిపాటి. నాకు మాత్రము ఆ నింద సగమే నిజమని తోచును. మన ప్రాంతపు స్వభావము వేరు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్లలో ఉండి పోటీపరీక్షలకు చదువు యువకులు, నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము, మహబూబ్‌నగర్ జిల్లాలనుండి వచ్చి ఇరువది ఏండ్లుగా అద్దె ఇండ్లలో కాపురముండు కుటుంబములు, వోటును మాత్రము సొంత ఊరిలోనే ఉంచుకొనుట సర్వసాధారణము. ఊరి సర్పంచి ఎన్నికకు రాత్రి బస్సెక్కి పోయి వచ్చువారే తాము ప్రతిదినమును త్రాగు నీటిని, నడచు రోడ్డును నిర్ణయించు ఎన్నికలో పరాయివారైపోవుచున్నారు. వోటరుగా నమోదు కావలసినది సాధారణముగా నివసించు చోటనే యని చట్టము చెప్పుచున్నది. సొంత ఇల్లు ఉండవలయునను నియమము లేదు. అద్దె ఇంటివారికిని, హాస్టలు విద్యార్థికిని ఆ హక్కు సమానమే.

నమోదు క్రమము కష్టమైనది కాదు. మున్సిపల్ ఎన్నికలకు వేరుగా వోటరుల నమోదు జరుగదు. శాసనసభ వోటర్ల జాబితానే వార్డుల వారీగా విడదీసి, ముసాయిదా ప్రకటించి, అభ్యంతరములు స్వీకరించి, తుది జాబితా వెలువరింతురు. కావున శాసనసభ జాబితాలో పేరు లేనివాడు వార్డు ఎన్నికనాడు గగ్గోలు పెట్టినను ప్రయోజనము లేదు. ముందుగనే ఫారం 6 నింపవలయును. ఇల్లు మారినవారు చిరునామా మార్పుకై ఫారం 8 నింపవలయును. ముసాయిదా వచ్చిన దినములలో తన పేరు ఏ వార్డులో పడినదో చూచుకొనుట మరింత ముఖ్యము, ఏలయన మన హద్దులు నిలుకడగలవి కావు. గడ్డిఅన్నారము, ఎల్బీనగర్ ఒకప్పుడు వేరువేరు మునిసిపాలిటీలు. 2007 ఏప్రిల్ 16న ఆ రెండును చేర్చి పన్నెండు మునిసిపాలిటీలును ఎనిమిది పంచాయతీలును విశాల నగరమున లీనమైనవి. 2025 చివర మరి 27 పురపాలక సంస్థలను కలిపి వార్డులను 300గా విభజించిరి. కావున 2020లో వోటు వేసిన బడి, నాటి వార్డు పేరు జ్ఞాపకమున్నంతమాత్రమున చాలదు; కొత్త జాబితా చూడవలయును.

పోలింగు కేంద్రములోని చిన్న పొరపాటు ఎంత దూరము పోవునో తెలుపు ఉదాహరణములు రెండు 2020లోనే కలవు. కరోనా కారణముగా ఆ ఎన్నిక యంత్రములతో కాక కాగితపు బ్యాలెట్లతో జరిగినది. మనకు పొరుగుననే యున్న ఓల్డ్ మలక్‌పేట వార్డులో బ్యాలెట్టుపై సీపీఐ అభ్యర్థికి కంకి కొడవలి గుర్తునకు బదులుగా సీపీఎం గుర్తును ముద్రించుటచే పోలింగును నిలిపివేసి డిసెంబరు 3న వార్డు మొత్తమునకు తిరిగి జరిపిరి. నగరపు ఉత్తరమున నేరేడ్‌మెట్ వార్డులో స్వస్తిక ముద్రకు బదులు వేరొక రబ్బరు స్టాంపుతో గుర్తుపెట్టిన వోట్లు అభ్యర్థుల నడుమనున్న తేడాకంటె ఎక్కువగుటచే వ్యవహారము హైకోర్టునకు పోయి, తక్కిన వార్డులన్నిటి ఫలితములు 4వ తేదీన తేలగా దాని ఫలితము డిసెంబరు 9 వరకు తేలలేదు. చేతికిచ్చిన ముద్రను, కాగితమును ఒక్క క్షణము నిలిచి చూచుట వోటరు పనియే. సందేహమున్నచో అక్కడనే ప్రిసైడింగు అధికారిని అడుగుటకు సంకోచింప నక్కరలేదు.

నీటి సంస్థకును, కరెంటు సంస్థకును నేరుగా ఎన్నిక జరుగు చోట్లు లోకమున లేకపోలేదు. దూరము పోనక్కరలేదు, సిరిసిల్లకు పోయిన చాలును. 1969-70 ప్రాంతమున దేశమందు ప్రయోగముగా నెలకొల్పిన అయిదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘములలో సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘమొకటి. జనులు దానిని సెస్ అని పిలుతురు. ఉత్తర ప్రాంతపు పంపిణీ సంస్థ వద్ద కరెంటును టోకున కొని, ఇండ్లకు, బావులకు, మరమగ్గములకు అది పంచును. వినియోగదారులే సభ్యులై పదునైదుగురు డైరెక్టర్లను ఎన్నుకొందురు. 2022 డిసెంబరు 24న జరిగిన ఎన్నికలో రాజకీయ పక్షములు శాసనసభ ఎన్నికకు దీటుగా తలపడినవి. దానిని చూచి పంపిణీ సంస్థలో పార్టీలు చేరుట అనర్థమనువారు కలరు. నాకట్లు తోచదు. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినపుడు తన మండలమునకు ఎన్నికైన డైరెక్టరు గుమ్మము ముందర నిలువగల సౌలభ్యము సిరిసిల్ల రైతునకు కలదు; దిల్‌సుఖ్‌నగర్ నివాసికి లేదు. ఎన్నిక ఉన్నంత మాత్రమున సంస్థ బాగుపడునని నేననను. అప్పులు పెరుగవచ్చును, బంధుప్రీతి చొరవచ్చును. కాని లెక్క చెప్పవలసిన మనిషి ఎవడో తెలిసియుండుట చిన్న సంగతి కాదు. సాగునీటికి కూడ 1997 నాటి చట్టము రైతులచే ఎన్నుకొనబడు నీటి వినియోగదారుల సంఘములను ఏర్పరచినది.

అమెరికాలో ఈ పద్ధతి మరింత విస్తృతము. హ్యూస్టన్ నగరపు శివార్లలో మన తెలుగువారు గృహములు కొనుక్కొన్న కాలనీలకు నీరు, మురుగు, వాననీటి పారుదల నడుపునది తరచుగా మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్టు. అయిదుగురు డైరెక్టర్లు, నాలుగేండ్ల పదవి. బాండ్లు జారీచేసి, ఆ అప్పు తీర్చుటకు ఇంటి విలువపై పన్ను విధించు అధికారము దానికి కలదు. కాలిఫోర్నియాలో డబ్లిన్, శాన్ రామోన్ ప్రాంతమునకు నీటి సేవ చేయు డిస్ట్రిక్టునకును ఎన్నికైన అయిదుగురు డైరెక్టర్లే పాలకులు. పౌరసత్వము పొందిన తెలుగువారు అధ్యక్ష ఎన్నికనాడు ఇచ్చు బ్యాలెట్టు చివరి భాగమున ఇట్టి పదవుల పేర్లుండగా, ఎవరో తెలియక ఖాళీగా వదలివేయుట సామాన్యము. నెలనెలా చెల్లించు బిల్లును నిర్ణయించువారు వారే.

మన సంగతికి వచ్చినచో, జలమండలి పాలకవర్గమున వార్డులనుండి ఎన్నికైన ప్రతినిధులకు స్థానముండవలయునని నా దృఢమైన అభిప్రాయము. సాహెబ్‌నగర్ రిజర్వాయరు పరిసరములవారు తమ ముంగిటినుండి పోవు నీటిలో తమ కాలనీ వాటా ఎంతయో అడుగగల వేదిక ఒకటి శాసనసభకు క్రింద, లైన్‌మనుకు పైన, ఎక్కడనో ఒకచోట కావలయును. 74వ సవరణము వ్రాసినవారి ఉద్దేశము కూడ అదియే. అట్టి మార్పు రాష్ట్ర శాసనము మార్చిననే వచ్చునుగాన దానిని అడుగవలసినది శాసనసభకు నిలుచు అభ్యర్థిని. వార్డు అభ్యర్థిని కాదు.

వార్డు అభ్యర్థి మన గుమ్మములోనికి వచ్చినపుడు అడుగవలసిన ప్రశ్నలు వేరు. మా వీధి నాలాలో పూడిక చివరిసారి ఎప్పుడు తీసిరి, ఆ పూడికను గట్టుననే పోసి పోయిరా, లారీలో తరలించిరా? వార్డు బడ్జెటు పనుల పట్టిక వార్డు కార్యాలయపు గోడకు అంటించెదవా? మూడు లక్షలు గాని అంతకు మించి గాని జనాభాగల నగరమున వార్డు కమిటీ యుండవలయునని రాజ్యాంగము 243ఎస్ అధికరణమున చెప్పుచున్నది. ఆ కమిటీ సమావేశము తేదీని ముందుగా చాటెదవా? బోర్డువారు త్రవ్వి వదలిన గుంతల జాబితా నీ వద్ద కలదా? ఈ ప్రశ్నలకు అభ్యర్థి చెప్పు సమాధానముకంటె, చెప్పునపుడు అతనికి వీధుల పేర్లు వచ్చునా రావా యనుట గమనింపదగినది. నాలా ఎక్కడ మలుపు తిరుగునో, ఏ కల్వర్టు వద్ద ఇరుకగునో వేలుపెట్టి చూపగలవానికి ఆ పని మీద శ్రద్ధ కలదని నమ్మవచ్చును.

మేయరును మనము నేరుగా ఎన్నుకొనము. 2002లో పాత హైదరాబాదు నగరపాలక సంస్థకు ప్రత్యక్షముగా ఎన్నుకొనిరి. విశాల నగరము ఏర్పడిన తరువాత కార్పొరేటర్లును, పదవిరీత్యా సభ్యులైన శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులును కలిసి ఎన్నుకొనుచున్నారు. 2021 ఫిబ్రవరి 11న అట్లే జరిగినది. కావున వార్డు అభ్యర్థికి వేసిన వోటు మేయరు పీఠమువరకు పోవును, కాని అతడు వేయు చేతి గుర్తు మీదుగా పోవును.

ఎన్నికకును ఎన్నికకును నడుమ ఐదేండ్ల కాలమున పౌరునికి మిగులు తలుపులు కొన్ని కలవు. విద్యుత్ చార్జీల పెంపునకు పంపిణీ సంస్థ దరఖాస్తు పెట్టినపుడు దాని సారాంశమును ప్రకటింపవలయుననియు, ప్రజల సూచనలను, అభ్యంతరములను నియంత్రణ మండలి పరిశీలింపవలయుననియు 2003 విద్యుత్ చట్టపు 64వ విభాగము చెప్పుచున్నది. మండలి జరుపు బహిరంగ విచారణకు ఎవ్వరైనను పోయి మాటాడవచ్చును, వ్రాసియు పంపవచ్చును. న్యాయవాది అక్కరలేదు. బిల్లులో తప్పు వచ్చి సంస్థ దిద్దనిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదిక కలదు, అచ్చటను న్యాయము జరుగనిచో విద్యుత్ అంబుడ్స్‌మన్ కలరు. ఈ రెండును అదే చట్టపు 42వ విభాగము కల్పించినవి. ఆ విచారణలలో రైతు సంఘముల ప్రతినిధులు, పరిశ్రమలవారు, కొందరు పదవీవిరమణ చేసిన ఇంజనీర్లు అంకెలు చేతబట్టి వాదించుచుందురు. కొత్తపేట, సరూర్‌నగర్, వనస్థలిపురము కాలనీ సంక్షేమ సంఘములు తమ కార్యవర్గమునుండి ఒక్కొక్కరిని నియోగించి, దరఖాస్తు సారాంశము పత్రికలో వెలువడిన వారములోగానే తమ అభ్యంతరమును తెలుగులో వ్రాసి పంపినచో, మండలి దానిని స్వీకరించి, సంస్థచేత బదులు చెప్పింపవలసియుండును.